నాన్న ఆగినా ఆగని పెట్టె

మా నాన్న గిటారు అటక మీద ఉండేది. పాత దుప్పటికి లోపల పలచగా దూది పరిచి, పరుపులు కుట్టే దారంతో ఆయన స్వయంగా కుట్టిన గలీబులో పడుకుని ఉండేది. ఏడాదికోసారి ఇల్లు దులిపేటప్పుడు కిందికి దించి, పైపైన తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టేవాడు. గలీబు ముడి మాత్రం విప్పేవాడు కాదు. అంత ప్రేమగా చుట్టిపెట్టుకున్నదాన్ని ఒక్కసారీ విప్పి చూడని మనిషిని ఏమనుకోవాలో నాకు తెలిసేది కాదు.

మేం దూదేకులవాళ్ళం. చీరాలకు పడమరగా బస్సులో ముప్పావుగంట వెళితే వచ్చే నల్లరేగడి ఊరు మాది. ఊరి చుట్టూ పత్తి, మిరప. మా తాత భుజాన విల్లు వేసుకుని ఇంటింటికీ తిరిగి దూది ఏకేవాడు. నాన్న చేతికి పని వచ్చేనాటికి గుంటూరు నుంచి మిషన్లో ఏకిన దూది మూటలుగా దిగడం మొదలయింది. విల్లు గోడకెక్కింది. నాన్నకు పరుపులూ దిండ్లూ కుట్టడం మిగిలింది. అయితే పెళ్ళికి ముందు ఆరేడేళ్ళు ఆయన చీరాలలో ఒక ఆర్కెస్ట్రాలో గిటారు వాయించాడు. శ్రీరామనవమి పందిళ్ళు, పెళ్ళిళ్ళు, ఉరుసులు, ఎవరు పిలిస్తే వాళ్ళకి. అమ్మ కాపరానికి వచ్చేసరికి ఆర్కెస్ట్రా విడిపోయింది. ఆయన వాయించగా అమ్మ ఒక్కసారి కూడా వినలేదు.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ముగించుకుని నేను ఇంటికొచ్చింది రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో. ఆ వేసవిలో ఒక రోజు ఆయన పరుపు అంచు కుడుతుంటే అడిగాను, ఎందుకు మానేశావు నాన్నా అని.

“పెట్టె పోయిందమ్మా. అది కరెంటు గిటారు. చప్పుడు పెంచే పెట్టె లేకపోతే దోమ పాడినట్టుంటది.”

“బజారులో బోలెడు పెట్టెలున్నాయి గదా.”

“ఉన్నయ్యి. రేకు డబ్బాలో రాళ్ళు పోసి ఊపినట్టుంటయ్యి. మాది వాల్వుల పెట్టె.” సూది ఆపి, గుమ్మంలోంచి బయటికి చూశాడు. “నేను ఆపితే అదీ ఆగేది. పందిట్లో ఎంత జనమున్నా, తీగె మీద అరచెయ్యి వేశానంటే గాడిపొయ్యి మీద నీళ్ళు కాగే చప్పుడు కూడా వినపడేది. ఆ ఆగటం కోసమే వాయించేవాణ్ణి నేను.”

“నేను చేస్తా నీకు అలాంటి పెట్టె.”

“నువ్వా?”

“నేనే. చదువుకుంది ఎందుకు మరి?”

ఆయన నవ్వాడు గానీ తీసిపారెయ్యలేదు. “చెయ్యి. నేను ఆపినప్పుడు అది ఆగిందనుకో, ఆ రోజే గిటారు దింపుతా.”

మాట తేలిగ్గానే అన్నాడు. కానీ అదే వేసవిలో ఆయన ఎడమచేతి చివరి రెండు వేళ్ళూ పొద్దున్నే ముడుచుకోవడం మానేశాయి. కీళ్ళవాతం అన్నాడు చీరాల డాక్టరు. మందులతో నెమ్మదింపజెయ్యవచ్చు, పోయిన పట్టు మాత్రం తిరిగి రాదన్నాడు. గిటారు మెడ మీద తీగెలు నొక్కే చెయ్యి ఎడమచెయ్యే. అంటే నా పెట్టెకూ ఆ వేళ్ళకూ మధ్య పందెం మొదలయిందన్నమాట. అది మా ముగ్గురికీ తెలుసు, ముగ్గురం పైకి అనలేదు.

చీరాలలో నాన్న పాత స్నేహితుడు ఒకాయన మైకుసెట్టు అద్దెకిచ్చేవాడు. ఆయన షెడ్డు వెనక పాత వాల్వు ఆంప్లిఫయర్లు రెండు తుప్పు పట్టి పడున్నాయి. వాటి పొట్టలు చీల్చి ట్రాన్స్‌ఫార్మర్లు, వాల్వు సాకెట్లు, చిన్న వాల్వులు తీసుకోనిచ్చాడు. టూరింగ్ టాకీసువాళ్ళు వదిలేసిన స్పీకరొకటి ఇచ్చాడు. చివరగా బీరువాలోంచి పాత కాగితంలో చుట్టిన పెద్ద వాల్వులు రెండు తీసి నా చేతిలో పెట్టాడు.

“ఇయ్యే ఆఖరు, తల్లీ. ఇవి పోతే చీరాల్లోనూ లేవు, గుంటూరులోనూ లేవు. మీ నాన్న కాబట్టి ఇస్తన్నా. ఇంకో మాట. స్విచ్చి ఆపినా లోపల నాలుగొందల వోల్టులు కాపు కాసి ఉంటది. చెయ్యి పెట్టేటప్పుడు ఎడం చెయ్యి జేబులో పెట్టుకో. రెండు చేతులూ పెడితే కరెంటు గుండెలో నుంచి పోద్ది.”

చుడీదారుకు జేబేది? చున్నీ కొసను నడుం వెనక ముడివేసి, ఎడమచేత్తో దాన్ని పట్టుకుని పనిచేయడం అలవాటు చేసుకున్నాను. రెండేళ్ళ పాటు నా ఎడమచెయ్యి ఎప్పుడూ వీపు వెనకే ఉండేది. బడిలో మాస్టారి ముందు నిలబడ్డ పిల్లలా ఉన్నావే అని అమ్మ ఎగతాళి చేసేది.

మొదటిసారి స్విచ్చి వేసిన సాయంత్రం ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక్కో గాజుబుడ్డి అడుగునా పిసరంత వెలుగు. అగరొత్తి కొసంత. అది పెరిగి నారింజరంగుకు తిరిగింది. పుస్తకంలో చదివాను గదా, లోపల లోహం కాలి, దాన్నుంచి ఎలక్ట్రాన్లు ఊడి, గాలి కూడా లేని ఖాళీలో ప్రయాణం చేస్తాయని. పరీక్షల్లో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. రాసినప్పుడు అదొక పేరా. ఇప్పుడు నా ముందు, మా పరుపుల గదిలో, దూది మూటల మధ్య జరుగుతోంది. గిటారు నుంచి వచ్చే వైరు దూర్చే రంధ్రంలో ఒక చిన్న పిన్ను పెట్టి దాన్ని వేలితో తాకాను. స్పీకరు బొబ్బరించింది. వేలు తీస్తే ఆ బొబ్బ ఆగింది. గోడల్లోని కరెంటును నా ఒళ్ళు పట్టుకుని పెట్టెకు ఇస్తోంది! నేను కూడా ఒక తీగెనేనని ఆ రోజే తెలిసింది. ఎన్నిసార్లు తాకానో లెక్కలేదు.

నాన్న గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. నేను వేలు తీశాక కూడా పెట్టెలోంచి గుర్రుమని మోత వస్తూనే ఉంది.

“ఇంకా మాట్లాడతానే ఉందే,” అని, ఎడమచేతి వేళ్ళు కుడిచేత్తో మెల్లగా వంచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ మాట తర్వాత ఎన్నిసార్లు విన్నానో!

మొదటి మోత తేలిగ్గానే దొరికింది. పాత పెట్టెల్లోంచి తీసిన కండెన్సర్లు లోపల ఎండిపోయి ఉన్నాయి. అవి మారిస్తే సగం తగ్గింది. తర్వాత వాల్వులను వెలిగించే తీగెలు. వాటిని విడివిడిగా, చక్కగా, గీత గీసినట్టు వేశాను. చూడ్డానికి అందంగా ఉందని మురిసిపోయాను కూడా. అవే గుర్రుమంటున్నాయి. మైకుసెట్టు పెద్దాయన చూసి, “అట్టా పరిస్తే ఎట్టమ్మా? రెండు పోగులూ కలిపి పెనవెయ్యి. దేని మోత దాని జంటే మింగుద్ది,” అన్నాడు. పెనవేస్తే నిజంగానే మింగింది. ఎదురెదురుగా పోయే రెండు కరెంట్లు ఒకదాన్నొకటి చుట్టుకుంటే రెండూ నోరు మూసుకుంటాయట. దీన్ని కనిపెట్టినవాళ్ళకు పెళ్ళయి ఉండదని అమ్మ అంది.

ఆ తర్వాత టింగుమనే చప్పుడు. పక్కన ఎవరైనా నడిస్తే చాలు, పెట్టె గంట కొట్టినట్టు మోగేది. ఏ భాగం మోగుతోందో తెలియాలంటే పెట్టె నడుస్తుండగా ఒక్కోదాన్నీ మెల్లగా తట్టి చూడాలి. తట్టేది చెక్కదై ఉండాలి, పొడుగ్గా ఉండాలి. మా ఇంట్లో అలాంటిది పప్పుగుత్తి. ఎడమచెయ్యి వీపు వెనక, కుడిచేతిలో తిరగేసిన పప్పుగుత్తి, కాడతో ఒక్కో వాల్వునూ ముట్టుకుంటూ వెళ్ళాను. మూడో చిన్న వాల్వు తగలగానే స్పీకరు టింగుమంది. దాన్ని మార్చాను. పప్పుగుత్తి ఆ మధ్యాహ్నం వంటింటికి వెళ్ళేసరికి పప్పు పలుకుపలుకుగా చల్లారిపోయి ఉంది, ఆ పూట నన్నే తినమంది అమ్మ.

ఇక వేడి. వాల్వుల పెట్టె వేడెక్కడం తప్పు కాదు, అది వాటి గుణం. కానీ నా పెట్టె మరీ చెయ్యి పెట్టలేనంత కాలేది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లక్క కాలిన వాసన. విప్పి చూస్తే రేకు అడుగున నేను పొడిచిన గాలి రంధ్రాలన్నీ మూసుకుపోయి ఉన్నాయి. వేడిగాలి పైకి పోతుంటే కిందనుంచి చల్లగాలి వస్తుందని నేను లెక్కేశాను. అది లెక్క ప్రకారమే వచ్చింది. వస్తూ వస్తూ మా గదిలోని దూది నూగును కూడా తెచ్చుకుంది. లోపల మందంగా, మెత్తగా, పరుపు కుట్టుకున్నట్టు పరుచుకుంది. నాన్న వంగి చూసి, వేలితో కొంచెం తీసి, వెలుతురుకు పట్టి చూశాడు. “మంచి దూదే,” అన్నాడు. నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. పెట్టెకు కాళ్ళు పెట్టి ఎత్తుగా లేపాను, రంధ్రాలకు పలచటి గుడ్డ కట్టాను, వారానికోసారి దులిపాను.

వేడి తగ్గింది. కానీ ఒక మధ్యాహ్నం, అన్నం తిని వచ్చి చూద్దును గదా, పెద్ద వాల్వులో ఒకదాని లోపలి నల్లటి రేకు మధ్య ఎర్రటి మచ్చ. బొట్టు పెట్టినట్టుంది. అది కాలిపోయే ముందు పెట్టే బొట్టు. పరిగెత్తి ప్లగ్గు పీకాను. ఉన్నది ఆ ఒక్క జత. అదిపోతే నాన్న చేతికి ఇక పందెమే ఉండదు.

ఒక వారం వెతికాను. ప్రతి రెసిస్టెన్సూ విప్పి కొలిచాను. ప్రతి ఒక్కటీ నిక్షేపంగా ఉంది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. పొద్దున వాల్వులు హాయిగా ఉంటాయి. సరిగ్గా మధ్యాహ్నం దాటగానే బొట్టు పెట్టుకుంటాయి. ఆ రోజు కూడా బొట్టు కనపడగానే ప్లగ్గు పీకి, తల పట్టుకుని కూర్చుంటే అమ్మ పైకి చూస్తూ అంది:

“మోటార్లు ఆగినయ్యి. ఫ్యాను చూడు ఎట్టా తిరుగుద్దో.”

ఫ్యాను నిజంగానే ఊడిపడేలా తిరుగుతోంది. ఇది మా ఊళ్ళో చంటిపిల్లకు కూడా తెలిసిన సంగతి. రైతులకు మోటార్ల కరెంటు షిఫ్టుల్లో ఇస్తారు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా చేలల్లో మోటార్లన్నీ తిరుగుతాయి, ఇళ్ళల్లో దీపాలు కునికిపాట్లు పడతాయి. షిఫ్టు అయిపోగానే అంత కరెంటూ ఇళ్ళ మీద పడుతుంది. మీటరు పెట్టి చూశాను. పొద్దున నూటఎనభై అయిదు వోల్టులు ఉన్నది ఇప్పుడు రెండొందల అరవై. వాల్వులు ఎంత కరెంటు తాగాలో నేను కొలిచి ఖాయం చేసింది పొద్దున తొమ్మిదింటికి! పుస్తకంలో రెండొందల ముప్ఫై అని రాసుంటుంది. మా ఊళ్ళో రెండొందల ముప్ఫై అనేది రోజులో ఎప్పుడో ఒక నిమిషం వచ్చి మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయే చుట్టం.

తప్పు తెలిశాక సిగ్గుపడాల్సింది. సిగ్గు కంటే ముందు ఇంకోటి వచ్చింది. ఎక్కడో రెండు మైళ్ళ అవతల మిరపచేలో ఎవరో రైతు తువ్వాలు దులుపుకుని మోటారు ఆపుతున్నాడు. ఆ మనిషి నాకు తెలియదు, నేను అతనికి తెలియను. అతను స్విచ్చి నొక్కితే ఇక్కడ నా గాజుబుడ్డిలో రేకు ఎర్రబడుతోంది. ఊరంతా ఒకే తీగె మీద వేలాడుతున్నామని ఎవరూ నాకు చెప్పలేదే! ఆ ఆశ్చర్యంలోంచి తేరుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది.

గుంటూరులో వైండింగ్ షాపుకు ట్రాన్స్‌ఫార్మర్ను ఒళ్ళో పెట్టుకుని బస్సులో తీసుకెళ్ళాను. తక్కువ కరెంటుకు ఒక కొస, ఎక్కువ కరెంటుకు ఒక కొస వచ్చేలా మళ్ళీ చుట్టించాను. పెట్టె వెనక తిప్పుడు స్విచ్చి పెట్టాను. మోటార్లు తిరిగేటప్పుడు ఇటు, ఆగాక అటు. వాల్వులు మళ్ళీ బొట్టు పెట్టుకోలేదు.

అప్పటికి ఏడాదిన్నర దాటింది. నాన్నకు చొక్కా గుండీలు అమ్మ పెడుతోంది. సూది మాత్రం ఇంకా పట్టుకుంటున్నాడు.

ఇక మిగిలింది ఒక్క మోత. సన్నది, లోతైనది. దానికి ఒక వేళంటూ లేదు. కొన్నాళ్ళు దాదాపు ఉండేది కాదు. కొన్నాళ్ళు మళ్ళీ వచ్చి కూర్చునేది. ఒకే రోజులో పెరిగేది, తగ్గేది. మోటార్ల షిఫ్టుతో పోల్చి చూశాను. కుదరలేదు. ఎండతో పోల్చాను, ఎదురింటి మిక్సీతో పోల్చాను. వీధిలో స్తంభం మీది లైటును కూడా అనుమానించాను. పెట్టెలో ఎర్తుకు పోయే నల్లతీగెలన్నీ విప్పి ఒకేచోట కట్టాను. కొంత తగ్గి ఆశపెట్టి, మర్నాడు మళ్ళీ మొదలయ్యేది. తగ్గిన ప్రతిసారీ నాన్నను పిలిచేదాన్ని. ఆయన వచ్చి నిలబడేసరికి అది గొంతు సవరించుకునేది.

“ఇంకా మాట్లాడతానే ఉందే.”

ఒకసారి ఆయన ముందే స్క్రూడ్రైవర్ గోడకేసి కొట్టాను. ఆయన దాన్ని తీసి, తుడిచి, నా చేతికిచ్చి వెళ్ళాడు. తిట్టినా బావుండేది.

ఏప్రిల్‌లో అమ్మ వేటపాలెం వెళ్ళింది. వాళ్ళ చెల్లెలు అక్కడ జీడిపప్పు ఒలిచే పనికి వెళుతుంది, ఒంట్లో బాగోలేదని కబురొచ్చింది. అమ్మ లేని ఆ మూడురోజులూ పెట్టె పెట్టిన మోత అంతా ఇంతా కాదు. ఎన్నడూ లేనంత. వాల్వులు మార్చి మార్చి పెట్టాను, వైర్లు పీకి మళ్ళీ అతికాను, వేళ్ళు కాల్చుకున్నాను. రేకు పెట్టెను ముట్టుకుంటే చర్మం జివ్వుమంటోంది. అంట్లగిన్నెలు పెరట్లో కుప్ప పడ్డాయి. వాటి మీద ఈగలు. నాకేం పట్టలేదు.

నాలుగో రోజు పదింటికి అమ్మ వచ్చింది. ఆ కుప్పను చూసి, నన్ను చూసి, సంచీ గుమ్మంలోనే పెట్టి తిట్ల దండకం ఎత్తుకుంటూ పెరట్లో కూర్చుంది. గిన్నెల చప్పుడు, అమ్మ తిట్లు, గదిలో పెట్టె మోత, మూడూ కలిసి నా బుర్ర తినేస్తున్నాయి. కాసేపటికి మూడింటిలో ఒకటి తగ్గిందనిపించింది. ఏది తగ్గిందా అని చూశాను. అమ్మ కాదు.

పెట్టె మోత దిగిపోతోంది. మెల్లమెల్లగా, బావిలోకి చేద దిగినట్టు. నేను ఏ తీగెనూ ముట్టుకోలేదు. అమ్మ ఇంకో గిన్నె కడిగి నీళ్ళు పారబోసింది. మోత ఇంకొంచెం దిగింది.

పెరట్లోకి పరిగెత్తాను. అంట్ల నీళ్ళు రాయి మీదనుంచి చిన్న కాలవలా పారి గోడవారకు వెళుతున్నాయి. గోడవార ఇంటి ఎర్తు పైపు. నేను పుట్టకముందు ఎవరో భూమిలో దిగేసిన ఇనప పైపు. నా పెట్టె ప్లగ్గు మూడో పిన్ను, దాని రేకు ఒళ్ళు అంతా చివరికి వచ్చి అంటుకునేది ఆ పైపుకే. మా నల్లరేగడి వానలో ఉబ్బుతుంది, ఎండలో బీటలు వారుతుంది. పైపు చుట్టూ మట్టి విడిపోయి నా చెయ్యి దూరేంత బీట ఉంది. పైపు ఆ బీటలో గాల్లో నిలబడి ఉంది. అమ్మ గిన్నెలు తోమినప్పుడల్లా నీళ్ళు ఆ బీటలోకి దిగి, మట్టి మెత్తబడి, పైపును మళ్ళీ పట్టుకుంటోంది. అప్పుడు పెట్టె నోరు మూస్తోంది. అమ్మ నీళ్ళ విషయంలో పీనాసి. మా ఊళ్ళో ఎండాకాలం మంచినీళ్ళు చెరువు పంపు దగ్గర వరస నిలబడి తెచ్చుకోవాలి. అంట్లు తోమేది ఉప్పునీళ్ళతోనే అయినా చెంబుల లెక్కన, ఒకరోజు రెండు, ఒకరోజు నాలుగు, వాడేది. అందుకే ఆ మోతకు ఒక వేళా పాళా ఉండేది కాదు.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట. దగ్గర దగ్గర రెండేళ్ళు!

అక్కడే బురదలో చతికిలబడి నవ్వాను, తర్వాత ఏడుపొచ్చింది. బీటలోకి వంగి చూశాను. అడుగున చీకటి. మేం నడిచే, పత్తి పండించే, మిరపకాయలు ఆరబోసే ఈ నేల ఎండిపోయి దాహంతో చేసే చప్పుడును నేను గదిలో కూర్చుని పెట్టె జబ్బనుకున్నాను.

“ఏందే, ఏమైంది నీకు?” అంది అమ్మ, చేతిలో పీచు పట్టుకుని.

“నువ్వు గిన్నెలు తోమితే నా పెట్టె నోరు మూస్తోందమ్మా.”

“రోజూ నేను మొత్తుకునేది అదే గదా, గిన్నెలు తోమవే అని,” అంది అమ్మ.

మైకుసెట్టు పెద్దాయన చెప్పినట్టు ఆ పైపు చుట్టూ నడుం లోతు గుంట తవ్వాను. ఏప్రిల్ నేల గునపాన్ని వెనక్కి తంతుంది. రెండు రోజులు పట్టింది. నాన్న పక్కన కూర్చుని చూస్తున్నాడు. పార పట్టుకోబోయి, మానుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. తడి పట్టి ఉంచడానికి చినగంజాం ఉప్పు ఒక బుట్ట, కట్టెబొగ్గు ఒక బుట్ట, వరసగా పరిచి, మట్టి కప్పి, నీళ్ళు పోశాను. మొదట్లో నీళ్ళు బీటల్లోకి జారిపోతాయి, రోజూ పోస్తూ ఉండాలన్నాడు పెద్దాయన.

లోపలికి వచ్చి స్విచ్చి వేశాను. ఒక నిమిషం చూశాను. ఏ చప్పుడూ లేదు. కరెంటు పోయిందనుకుని ఫ్యాను వంక చూశాను. తిరుగుతోంది. వాల్వులు వెలుగుతున్నాయి. స్పీకరుకు చెవి ఆనిస్తే అడుగున ఎక్కడో సన్నగా, ఇసుక జారినట్టు.

నాన్న వచ్చి ఆయన కూడా చెవి ఆనించాడు.

“ఇదేంది, ఈ చిన్నది?”

“అది పోదు నాన్నా. వేడిగా ఉన్న ఏ వస్తువైనా చేసే చప్పుడు అది. వాల్వు చల్లారితేనే ఆగుతుంది.”

“ఉండనీ. మనిషి కూడా ఊరుకున్నప్పుడు ఊపిరి తీస్తాడు గదా,” అన్నాడు. తర్వాత అటక వైపు తలెత్తాడు.

గలీబు ముడి ఆయన వేళ్ళకు రాలేదు, అమ్మ విప్పింది. కొత్త తీగెలు నేనెప్పుడో తెప్పించి ఉంచాను, నేనే ఎక్కించి, వైరుతో పెట్టెకు కలిపాను. ఆయన చాప మీద కూర్చుని గిటారు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎడమచెయ్యి మెడ మీదికి వెళ్ళింది. చూపుడువేలు తీగె మీద ఆనింది. మధ్యవేలు ఆనింది. మిగతా రెండూ కర్రల్లా గాల్లోనే నిలబడ్డాయి. నొక్కాడు. తీగె కీచుమంది. మళ్ళీ నొక్కాడు. కుడిచేత్తో ఆ వేళ్ళను వంచి తీగె మీద పెట్టి వదిలాడు. అవి లేచిపోయాయి.

“పట్టు దొరకట్లా,” అన్నాడు.

నేను ఆయన మొహం చూడలేకపోయాను. మొదటి నెలలోనే అమ్మ గిన్నెలు తోమే చప్పుడు నాకు వినపడి ఉంటే ఆ వేళ్ళు ఉండేవి. ఈ మాట ఇప్పటికీ నా గొంతు దిగదు.

ఆయన ఎడమచెయ్యి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. కుడిచేతి బొటనవేలితో అన్నిటికంటే లావుపాటి తీగెను, ఏమీ నొక్కకుండా, ఒక్కసారి మీటాడు.

ధుం.

గది నిండింది. ఆ నాదం మెల్లగా తగ్గుతూ, తగ్గుతూ పోయింది. అది పోయేసరికి పెట్టె కూడా ఆగింది. ఎదురు కళ్ళంలో మిరపకాయలు బస్తాలకెత్తుతున్న చప్పుడు, దాని వెనక ఎవరిదో దగ్గు, స్పష్టంగా వినపడ్డాయి. నాన్న కళ్ళు గోడ మీది విల్లు మీద ఉన్నాయి.

“మా అయ్య విల్లు,” అన్నాడు.

దూది ఏకేటప్పుడు విల్లు నారి అలాగే మోగుతుందట. పసివాడిగా ఉన్నప్పుడు ఆ మోత కిందే నిద్రపోయేవాడట. మళ్ళీ మీటాడు. రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్దది. రెండు చిన్నవి, ఒక పెద్దది. తాత చేతి పని అది. వేళ్ళు అక్కర్లేని పని. స్పీకరు గుడ్డ మీద పట్టిన దూది నూగు ఒక్కో దెబ్బకూ లేచి పడుతోంది. ప్రతి దెబ్బ తర్వాతా ఆయన ఆగుతున్నాడు. ఆగిన ప్రతిసారీ పెట్టె ఆగుతోంది. నేను చేసిందే అయినా, దాని లోపల ఏముందో నాకొక్కదానికే తెలిసినా, నాకేమీ తెలియనట్టు నోరు తెరుచుకుని కూర్చున్నాను. అమ్మ గుమ్మంలో నిలబడింది. పెళ్ళయిన పాతికేళ్ళకు మొదటిసారి వింటోంది.

అలా ఎంతసేపో. తర్వాత ఒక దెబ్బ చివర సన్నగా గుర్రు మొదలయింది. గుంటలో పోసిన నీళ్ళు బీటల్లోకి జారిపోయినట్టున్నాయి. నాన్న తీగె మీద అరచెయ్యి వేశాడు. పెట్టె ఆగలేదు. నా వైపు చూశాడు.

నేను లేచేలోపే గుమ్మంలో అమ్మ లేదు. పెరట్లో నీళ్ళు పోస్తున్న చప్పుడు వినపడింది. చెంబుతో కాదు. ఎత్తి, ఆపకుండా, ఒక బిందె మొత్తం. పెట్టె మోత మెల్లగా దిగి ఆగిపోయింది. నాన్న ఇంకో క్షణం విని, బొటనవేలు మళ్ళీ తీగె మీద పెట్టాడు.

ఆ సాయంత్రం దాహమేసి వంటింట్లోకి వెళితే మంచినీళ్ళ బిందె బోర్లించి ఉంది. పక్కింటివాళ్ళను అడిగి ఒక చెంబు తెచ్చుకుని ముగ్గురం తాగాం.